కంటికి కనబడునది కొనువానిది, కనబడనిది అమ్మినవానిది

నా యొద్ద ఇరువది యేండ్లుగా పనిచేయుచున్న గుమాస్తా ఒకనాటి ఉదయము కోర్టునకు బయలుదేరబోవుచు, తన యెడమచేతి మణికట్టును నా కన్నులయెదుట పెట్టి, "అయ్యగారూ, ముప్పై మీటర్ల నీళ్ళకైనా తట్టుకుంటుందని రాసిన వాచీ, ముప్పావు చెంబు నీళ్ళకే ఇట్లా అయిపోయిందేమండీ?" అని అడిగెను. చూతునుగదా, అద్దము లోపలివైపున ఆవిరి క్రమ్మి, ముళ్ళు రెండును పొగమంచులో దారి తప్పిన బాటసారులవలె మసకమసకగా కదలుచుండెను. అది మూడు నెలల క్రిందట, పదునెనిమిది వందల రూపాయలు పెట్టి, మా పట్టణములోని యొక దుకాణమున అతడు కొన్న వాచీ. భోజనానంతరము కుళాయి క్రింద చేయి కడుగుకొనుట తప్ప దానికి వేరు జలగండ మెన్నడును కలిగింపలేదనియు, దుకాణమునకు తీసికొనిపోగా "లోపలికి నీళ్ళు పోయినవి, వారంటీ వర్తించదు" అని త్రిప్పి పంపిరనియు అతడు చెప్పెను. బిల్లు ఏదని నేనడుగగా, "బిల్లు కావాలంటే జి.ఎస్.టి. అదనమన్నారండీ, అందుకని తీసుకోలేదు" అని తలవంచుకొనెను.

సామాన్య సంసారి చిన్న వస్తువు కొనునప్పుడు చేయు పొరపాట్లును, ఆ పొరపాట్లనుండి వానిని గట్టెక్కించుటకు చట్టము తెరచియుంచిన ద్వారములును, ఈ స్వల్పవృత్తాంతములో ఇంచుమించుగా అన్నియు ఇమిడియున్నవి. వాచీ మాట నెపముగా వానిని ఈ నెల పాఠకులకు విన్నవించెదను.

మా తరమువారికి చేతి గడియారము సామాన్యవస్తువు కాదు. 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరున వాచీల కర్మాగారమును స్థాపించిన పిమ్మట గాని, మధ్యతరగతి కుటుంబములకు స్వదేశపు వాచీ అందుబాటులోనికి రాలేదు. విచిత్రమేమన, వరకట్న నిషేధ చట్టము వచ్చినదియు ఆ 1961లోనే. అయినను అలకపాన్పుపై కూర్చున్న కొత్త అల్లుడు వాచీ అడుగుట మాత్రము చిరకాలము మానలేదు. నాడు వాచీ జీవితమున కొకటి. నేడు రెండువేల రూపాయల లోపున వందల రకములు. ఎన్నుకొనుటకు పెక్కు గలిగినపుడు మోసపోవుటకును పెక్కు మార్గములు గలవు. అందుచేత ముందుగా చట్టము కొనువానికిని అమ్మువానికిని నడుమ గీచిన గీతను తెలిసికొనవలెను.

వస్తు విక్రయ చట్టము 1930 నాటిది. దానిలోని 16వ సెక్షను ప్రకారము, ఒక రకపు సరుకులలో వ్యాపారము చేయువాని యొద్ద ఆ వర్ణనను నమ్మి సరుకు కొన్నప్పుడు, ఆ సరుకు విక్రయయోగ్యమగు నాణ్యత కలిగియుండునన్న షరతు, పైకి పలుకకపోయినను, ఒప్పందములో ఉన్నట్లే. కాని దానికొక మినహాయింపు కలదు: కొనువాడు సరుకును పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపములకు ఆ షరతు వర్తింపదు. అనగా కంటికి కనబడు లోపము కొనువాని తలమీదను, కంటికి కనబడని లోపము అమ్మినవాని తలమీదను చట్టము పెట్టినది. కొద్దిపాటి ధనముతో మన్నిక గల వాచీ కొనదలచినవాడు ఈ యొక్క గీతను జ్ఞాపకముంచుకొన్నచో, ఏది తాను స్వయముగా చూచుకొనవలెనో, ఏది అమ్మువానిచేత పలికించి వ్రాయించుకొనవలెనో తానే తేల్చుకొనగలడు.

మొదట కంటికి కనబడు భాగమును చూతము. ఈ ధరలో పట్టీయే ముందు చచ్చును. తోలుపట్టీ మన కోస్తా ఉక్కపోతలో చెమటకు నాని కొలదికాలములోనే చీలును. కాబట్టి పట్టీ తగిలించు వాచీ చెవుల నడుమ వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఒకటిగా నున్న దానిని ఎన్నుకొన్నచో, ఏ వీధిలోనైనను దానికి సరిపోవు కొత్త పట్టీ దొరకును. ఇట్లుగాక, పట్టీయు, యంత్రమును చుట్టియుండు గుండును (కేసును) కలిసిపోయినట్లు విచిత్రరూపమున నున్న వాచీకి పట్టీ తెగిన నాడే ఆయువు తీరును. అద్దము సంగతియు అట్టిదే. ప్లాస్టిక్ అద్దము త్వరగా గీతలు పడును గాని పాలిష్ పట్టిన కొంతవరకు పోవును. మినరల్ అద్దము అంతకంటె గట్టిదైనను ఇసుకరేణువు దానికంటెను కఠినమైనది గావున గీచుకొనిపోవును. సఫైర్ అద్దము అన్నిటికంటె గట్టిదే గాని చౌకధరలో అరుదు, కావున చౌకవాచీని చూపి "సఫైరే" అనువానిని, ఆ మాటనే బిల్లుమీద వ్రాయుమని అడుగుట మేలు.

ఇక వాచీ వెనుకవైపు త్రిప్పి చదువవలెను. అచట "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని చెక్కియుండిన, వెనుక మూత మాత్రమే స్టీలు, గుండు ఇత్తడియో మిశ్రలోహమో అయి పైన పూత పూయబడి యుండవచ్చును. చెమట తగిలి పూత లేచిపోయిన నాడు "స్టీలని చెప్పి మోసగించిరి" అని ఫిర్యాదు చేయబోయినచో, చెక్కిన అక్షరములే ఎదుటివానికి సాక్ష్యము పలుకును. ఒక్క మాట చదువక పోవుటవలన హక్కు పోగొట్టుకొనుట యనగా నిదియే.

కనబడని భాగము వేరు. లోపలి యంత్రమును మనము విప్పి చూడలేము, చూడవలసిన పనియు లేదు. దినవాడుకకు, తక్కువ ధరకు, బ్యాటరీతో నడచు క్వార్ట్జ్ వాచీయే ఉత్తమమని నా అభిప్రాయము. దానిలోని స్ఫటికఖండము సెకనునకు 32,768 మారులు కంపించుచు, నెలకు ఇరువది సెకనుల లోపు తేడాతో కాలమును చూపును. చౌకరకపు కీ వాచీయో ఆటోమేటిక్ వాచీయో ఆ మాత్రపు తేడాను ఒక్క దినములోనే తేగలదు, పైగా కొన్నేండ్లకొకసారి విప్పి శుభ్రము చేయించు ఖర్చు దాని ధరతో పోటీపడును.

నీటిని తట్టుకొను శక్తియు కంటికి కనబడనిదే. 30 మీటర్లు అను అంకె చూచి, దానిని ధరించి ముప్పది మీటర్ల లోతునకు దిగవచ్చునని తలచుట పొరపాటు. అది నిశ్చలమైన నీటి ఒత్తిడిలో చేసిన పరీక్షకు గుర్తు. వ్యవహారములో 30 మీటర్ల వాచీ చేయి కడుగుకొనుటకును వానచినుకులకును చాలును. కొలదిసేపు ఈదుటకు 50, నిర్భయముగా ఈదుటకు 100 మీటర్ల వాచీ కావలెను. చేపలచెరువులోను వరిమడిలోను చేయి పెట్టువారు, అంట్లు తోముకొను ఇల్లాండ్రు, 50 మీటర్లకు తక్కువైన దానిని కొనకుండుటే మేలు. ఏ వాచీనైనను కీ బయటికి లాగియుండగా తడిపినచో, వేడినీటి స్నానమున ధరించినచో, దోషము వాడినవానిదే యగును.

ఇప్పుడు మా గుమాస్తా ప్రశ్నకు సమాధానము స్పష్టము. వినియోగదారుల రక్షణ చట్టము, 2019 లోపము అను పదమునకు నిర్వచనము చెప్పునపుడు, శాసనము కోరిన ప్రమాణమునకు తగ్గుటను మాత్రమే గాక, వర్తకుడు ఏ విధముగానైనను తన సరుకును గూర్చి చెప్పుకొన్న ప్రమాణమునకు తగ్గుటను సైతము లోపముగానే పరిగణించినది. పెట్టెపై 30 మీటర్లని ముద్రించుట చెప్పుకొనుటయే గదా! ఆ అంకె వాగ్దానము చేసిన కనీసపు పని చేయి కడుగుకొనుట. ఆ పనికే నీరు దూరినచో లోపము వాచీది. తాను తట్టుకొందునన్న నీటినే కారణముగా చూపి వారంటీని నిరాకరించుట, గొడుగు అమ్మి, వానలో పట్టినందున చెల్లదనుట వంటిది.

వస్తు విక్రయ చట్టపు ఆ 16వ సెక్షనులోనే మరియొక ఉపయోగకరమైన సూత్రము కలదు. కొనువాడు తన ప్రయోజనమును అమ్మువానికి తెలిపి, అతని నైపుణ్యముమీద ఆధారపడి కొన్నప్పుడు, ఆ ప్రయోజనమునకు సరుకు తగియుండవలెనన్న షరతు ఏర్పడును; ఏదియు చెప్పక కేవలము బ్రాండు పేరు పలికి కొన్నప్పుడు ఆ షరతు లేదు. కావున దుకాణములో "ఫలానా కంపెనీ వాచీ ఇమ్ము" అని ఊరకుండక, "నేను రొయ్యలచెరువులో పనిచేయువాడను, దినమంతయు చేయి తడియును, దానికి తగినది చూపుము" అని చెప్పవలెను. ఆ మాటనే దుకాణమువారి వాట్సాపునకు పంపి జవాబు తెప్పించుకొన్నచో, మాట గాలిలో కలిసిపోక మన ఫోనులో నిలిచియుండును.

ఇక బిల్లు. "బిల్లు కావలెనన్న పన్ను అదనము" అను మాటను మన తెలుగు రాష్ట్రముల వీధులలో వినని వారుండరు. పెట్టెపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర సమస్తమైన పన్నులతో కూడినది. ఏ పేరు పెట్టినను దానిపైన ఒక్క రూపాయి గుంజరాదు, గుంజినచో తూనికలు కొలతల శాఖవారికి ఫిర్యాదు చేయవచ్చును. బిల్లు ఈయకుండుటయే 2019 చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. లోపముగల సరుకును బిల్లులో చెప్పిన గడువులోను, గడువు చెప్పనిచో ముప్పది దినములలోను తిరిగి తీసికొన నిరాకరించుటయు అట్టిదే. కావున "అమ్మిన సరుకు తిరిగి తీసుకొనబడదు" అను ముద్రను చూచి, లోపమున్నను నోరు మూసికొనవలెనని తలంపరాదు. అయితే రంగు నచ్చలేదని మార్చుకొనగోరువానికి ఈ హక్కు లేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. బిల్లును, మోడలు సంఖ్య వ్రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టిన వారంటీ కార్డును అడిగి పుచ్చుకొనవలెను. పట్టీకి, అద్దమునకు, బ్యాటరీకి వారంటీ లేదని చాల కార్డులలో చిన్న అక్షరములతో వ్రాసియుండును. అది డబ్బు ఈయకముందే చదువదగిన వాక్యము. వారంటీ గడువులో బ్యాటరీ అయిపోయినచో దానిని కంపెనీ సర్వీసు కేంద్రములోనే మార్పించవలెను. వీధిలో మూత తీయించినచో లోపలి రబ్బరు వలయము సరిగా కూర్చుండక నీరు దూరుటయే గాక, వారంటీయు పోయి, కొండనాలుకకు మందు వేయబోగా ఉన్న నాలుక యూడినట్లగును.

ఆన్‌లైనులో కొన్నవారికి 2020 నాటి ఈ-కామర్స్ నియమములు అదనపు రక్ష. లోపముగలదియో, నకిలీయో, వర్ణించిన లక్షణములు లేనిదియో అయిన సరుకును అమ్మకందారు వెనుకకు తీసికొనక తప్పదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెను. ప్యాకెట్టు విప్పునపుడు ఫోనులో దృశ్యము తీసియుంచుట మంచి అలవాటు. "ఫస్ట్ కాపీ" అనబడు నకిలీయని తెలిసియే కొన్నవానికి మాత్రము నేను చేయగల సహాయము స్వల్పము; మోసపోయితినని చెప్పుకొనుటకు అతనికి నోరుండదు. అమ్మినవానికైతే ట్రేడ్ మార్కుల చట్టము, 1999 క్రింద ఆరు నెలలనుండి మూడేండ్ల వరకు కారాగారవాసమును, జరిమానాయు విధింపవచ్చును.

మరొక సందేహము తరచుగా వినవచ్చును: బావమరిది బహూకరించిన వాచీ చెడినచో అడుగు హక్కు ఎవరిది? కొన్నవాని అనుమతితో వస్తువును వాడుకొనువాడును చట్టము దృష్టిలో వినియోగదారుడే. బహుమతితోపాటు బిల్లును గూడ అందజేయుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు.

మాటతో పని జరుగనపుడు దారి ఇది. మొదట లోపమును, కోరిక నొకదానిని, అనగా మరమ్మతో మార్పో సొమ్ము వాపసో, తేదీతో వ్రాసి దుకాణమునకును కంపెనీకిని పంపవలెను. పిదప 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను. పెక్కు వివాదములు అచటనే తెగును. తెగనిచో జిల్లా వినియోగదారుల కమిషనునకు పోవచ్చును. కంపెనీ ఏ మహానగరమున నున్నను మీరు నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. సరుకునకు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైనచో రుసుము లేదు. ఈ-జాగృతి అను ప్రభుత్వపు వెబ్‌సైటు ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. నా వృత్తికి నష్టమైనను చెప్పక తప్పదు, న్యాయవాది అక్కరయు లేదు. వివాదకారణము పుట్టిన రెండేండ్లలో మాత్రము వేయవలెను. సరుకును ప్రయోగశాలకు పంపనక్కరలేనిచో మూడు నెలలలోను, పంపవలసినచో ఐదు నెలలలోను తీర్పు చెప్పవలెనని చట్టము ఆశించినది. ఆచరణలో ఆలస్యము కలుగుట కలదు గావున, పదునెనిమిది వందల వాచీకి మొదటి రెండు మెట్లమీదనే తీరిపోవుట అందరికిని క్షేమము.

మా గుమాస్తా విషయములోను అట్లే జరిగెను. బిల్లు లేకపోయినను, సొమ్ము చెల్లించిన దినము ఫోనులో నమోదై యుండెను. వాచీ పెట్టెలో అతని భార్య సూదిదారములు దాచుకొనుచుండుటచే 30 మీటర్లు అను ముద్రయు భద్రముగా దక్కెను. నేను వ్రాసి యిచ్చిన ఉత్తరమునకు దుకాణమువారు బదులీయలేదు. 1915కు ఫోను చేసిన పిమ్మట పిలిపించి, వేరొక వాచీని, ఈసారి బిల్లుతో సహా, ఇచ్చిరి. ఆ బిల్లు ఇప్పుడు సూదిదారముల పెట్టెలోనే ఉన్నది.