ఇంటికుక్క పెంపకము - పంచాయతీ బాధ్యత

పొలమునకు కావలి, మందకు తోడు, రాత్రివేళ ఇంటికి హెచ్చరిక కుక్కయే. కాని సరిగా పెంచని కుక్క వీధిలోని పిల్లలందరికిని ప్రమాదము. కావున క్రొత్తగా కుక్కను పెంచువారు ఎరుగదగిన సంగతులను పంచాయతీ సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

కండ్లు తెరువగనే పిల్లను తల్లినుండి వేరుచేసి తెచ్చుట తగదు. 8 వారములు నిండువరకు అది తల్లివద్దనే పెరుగవలెను. ఆటలో గట్టిగా కరచినచో తోడిపిల్లలు ఆట మానును. పంటిని అదుపులో ఉంచుకొనుట అది నేర్చునది అక్కడనే. 3వ వారము మొదలు సుమారు 14వ వారము వరకు మనుష్యులకు, పశువులకు, చప్పుళ్లకు మెల్లగా అలవాటుపడిన కుక్క పెద్దదైన పిమ్మట అంతగా బెదరదు. బెదరిన కుక్కయే తరచు కరచును.

గొలుసుతో దినమంతయు కట్టివేసినచో కుక్క మంచి కావలి కాగలదని కొందరి నమ్మకము. అది పొరపాటు. తిరుగుటకు వీలులేని కుక్క విసిగి, దరిజేరిన పసివానిపై దూకగలదు. ఉదయము, సాయంకాలము దానిని నడిపించవలెను. వేళకు సంకటియో అన్నమో ఉడికించిన గ్రుడ్డుతో కలిపి పెట్టి, మంచినీరు ఎల్లప్పుడును అందుబాటులో ఉంచవలెను. ఉల్లిపాయలు, వండిన ఎముకలు పెట్టరాదు. చెప్పినట్లు చేసిన తక్షణమే మెచ్చుకొనవలెను. తప్పు జరిగిన చాలసేపటికి కొట్టినచో అది కారణమెరుగదు, భయమును మాత్రము నేర్చును. తినుచున్న కుక్కను, పాలిచ్చు కుక్కను కదపరాదని పిల్లలకు బడిలో చెప్పించవలెను.

3 నెలలు నిండగనే పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల వేయించుచుండవలెను. ఈ వ్యాధి లక్షణములు పొడచూపిన పిదప మనిషి బ్రతుకుట మిక్కిలి అరుదు. కుక్క కరచినచో పసరు, కారము, సున్నము పూయరాదు. గాయమును సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. బొడ్డుచుట్టు సూదులు వేయు కాలము గడచినది. నేడు సాధారణముగా భుజమునకే వేయుదురు. మోతాదులలో ఒక్కటియు మానరాదు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు చేయించు బాధ్యత స్థానిక సంస్థలది. పెంపుడు కుక్కల బాధ్యత యజమానులది. నూటికి 70 కుక్కలకు టీకా పడినచో వ్యాధి వ్యాప్తిని అరికట్టవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. విషము పెట్టి చంపుట నేరము. పైగా టీకా పడిన కుక్క చచ్చినచో, టీకా పడనిది ఆ చోటికి వచ్చును.

కావున సభ్యులు తమ వార్డులోని కుక్కల పట్టికను వ్రాయించి, పశువైద్యునితో మాటలాడి, టీకాల దినమును నిర్ణయించి ఊరిలో చాటింపు వేయించవలెను. మొదట తమ ఇంటి కుక్కను తీసికొనిపోయినచో ఊరివారు వెంట వత్తురు.