కుందేలు చెవిలో పొలుసులు

ప్రశ్న: కొత్తగా జత కుందేళ్లు కొన్నాం. ఒకటి తల విదిలిస్తూ చెవులు గోక్కుంటోంది. లోపల గోధుమరంగు పొలుసులు కట్టాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, లక్సెట్టిపేట

జవాబు: మీరు చెప్పేదాన్ని బట్టి చెవి గజ్జి. సొరాప్టిస్ అనే పురుగు తెచ్చే జబ్బు. పొలుసులు పీకకండమ్మా, నెత్తురొస్తుంది. మందు పడితే వాటంతటవే రాలతాయి. పశువైద్యుడు తూకం చూసి చర్మం కింద ఐవర్‌మెక్టిన్ సూది వేస్తారు. గుడ్లు దానికి చావవు, అందుకే రెండు వారాలకు మళ్లీ వేయించాలి. బాగున్న రెండోదానికీ తప్పదు. గూట్లో గడ్డి మార్చేయండి.

కుక్కల ఫిప్రోనిల్ చుక్కలు మాత్రం వేయొద్దు, కుందేలుకు విషం. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ తాగించినా పేగులు చెడి ప్రాణం మీదికొస్తుంది. మేత ముట్టక, పెంటికలు ఆగిపోతే తెల్లారేదాకా చూడొద్దు; గజ్జి ఆగుతుంది, అది ఆగదు.