బండల సందుల్లోంచి వచ్చే గ్యాస్: అడిగే హక్కు మీకుంది

ఉప్పునుంతల మండలం నుంచి ఒక చెల్లె అడిగింది: "యురేనియం ఉన్న నేలల్లో ఇండ్లల్లకు రేడాన్ అనే గ్యాస్ వస్తదంట. మాది కిరాయి ఇల్లు. కింద బండలు, మధ్యల సందులు. ఎవరిని అడగాలె?"

అడగాల్సిన ప్రశ్నే. రాతిలో, మట్టిలో ఉన్న యురేనియం తరిగిపోతూ రేడియం అవుతుంది, దాన్నుంచి రేడాన్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట చెదిరిపోతుంది, మూసి ఉంచిన గదిలో పోగవుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు అది మరీ ఎక్కువ. ఘనపు మీటరు గాలిలో రేడాన్ 100 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలమానం) దాటకుండా చూసుకోవాలని, అది కుదరని చోట 300 మించనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది.

మీ దగ్గరి నల్లమల అడవిలో యురేనియం తవ్వొద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. అడవి దగ్గరుందని మీ ఇంట్లో రేడాన్ ఉన్నట్టు కాదు, లేనట్టూ కాదు. పక్కపక్క ఇళ్లలోనే తేడా ఉంటుంది కాబట్టి కొలవాల్సిందే. నల్లగొండ జిల్లా లంబాపూర్ వైపు ఇళ్లలో ఉస్మానియా పరిశోధకులు అలాగే కొలిచారు.

ఇక చట్టం. ఇంటి గాలిలో రేడాన్ ఇంతకు మించకూడదని ఓనరును కట్టడి చేసే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. ఇది పెద్ద లోటు, నాకు బాధగానూ ఉంది. అయినా చేతిలో ఏమీ లేదనుకోకండి. కలుషితం కాని నీరు, గాలి జీవించే హక్కులో భాగమేనని సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

ముందు సమాచార హక్కు చట్టం, 2005 వాడండి. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి: "మా ఊరి బోర్ల నీటిలో యురేనియం ఎంత? మా ఊరి ఇళ్లలో రేడాన్ ఎప్పుడైనా కొలిచారా? కొలిస్తే ఆ నివేదిక నకలు ఇవ్వండి." నీటి సంగతి జిల్లా భూగర్భ జల శాఖను, రేడాన్ సంగతి హైదరాబాద్ బేగంపేటలోని అణు ఖనిజాల డైరెక్టరేట్‌ను అడగండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. "మా ఆఫీసు కాదు" అని కాగితం తిప్పి పంపడం కుదరదు, 5 రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్లే పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకుంటే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేయండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు మాత్రం మరువకండి, అప్పీలుకు అదే మీ ఆధారం.

ఓనరు విషయం. మామూలుగా చూస్తే కంటబడని లోపం ఇంట్లో ఉందని అతనికి తెలిస్తే, కిరాయిదారుకు చెప్పితీరాలని ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ అంటుంది. అతనికే తెలియకపోతే తప్పు పట్టలేం. కాబట్టి కొలత వచ్చిన రోజున దాన్ని ఉత్తరంగా రాసి ఇవ్వండి. ఆ తర్వాత తెలియదనే మాట చెల్లదు.

వకీలు ఖర్చుకు భయపడకండి. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. 15100కు ఫోన్ చేయండి.

కొలత వచ్చేదాకా ఆగొద్దు. ఓనరుకు చెప్పి బండల సందులు సిమెంటుతో పూడ్చండి. పడుకునే గది కిటికీకి వడ్ల బస్తాలు అడ్డం పెట్టి ఉంటే, ఈ రాత్రికే జరపండి.