దిగుమతి గోనెసంచులపై ప్రభుత్వ విచారణ: గోగురైతు తెలిసికొనవలసిన సంగతులు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు మెట్టరైతులకు గోగు చిరకాలముగా రొక్కము తెచ్చు పైరు. గోగునార జనపనారతో కలిసి మిల్లుకు పోయి పురి, గుడ్డ, సంచి అగును. కనుక సంచికి గిరాకీ తగ్గిననాడు నారకును గిరాకీ తగ్గును. పొరుగుదేశపు సంచులు మరీ చౌకగా దిగుచున్నపుడు ప్రభుత్వము ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో నారరైతు తెలిసికొనుట మంచిది.

డంపింగ్ అనగా నేమి?

చౌకగా వచ్చిన ప్రతి సరకు డంపింగ్ సరకు కాదు. పొరుగువాని నేల సారవంతమై, ఖర్చు తక్కువై, ఆ కారణమున అతని సంచి చౌకైనచో అది న్యాయమైన పోటీయే. తన దేశములో ఎక్కువ ధరకు అమ్ముచు, అదే సరకును మనకు తక్కువ ధరకు పంపినచో దానిని డంపింగ్ అందురు.

లెక్క బోధపడుటకు ఒక ఊహ చేయుదము. ఒక సంచి అక్కడి మిల్లువద్ద 60 రూపాయలకు అమ్ముడు పోవుచున్నది. మనకు పంపు సంచికి మిల్లువద్ద పడు ధర 48 రూపాయలు. తేడా 12 రూపాయలు. ఎగుమతి ధరపై నూటికి 25 వంతులు. ఈ తేడా నూటికి 2 వంతులకు లోపైనచో విచారణ ముందుకు సాగదు.

అక్కడి ప్రభుత్వము ఎగుమతికి సొమ్ము సాయము చేయుటచే ధర తగ్గినచో దాని దారి వేరు. దానికి వేరుగా విచారణ జరిపి కౌంటర్‌వెయిలింగ్ సుంకము విధింతురు. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టములో 9వ సెక్షను సబ్సిడీలను గూర్చియు, 9-ఏ సెక్షను డంపింగును గూర్చియు చెప్పుచున్నది.

విచారణ జరుగు తీరు

దరఖాస్తును ఆ సరకు తయారుచేయువారు పెట్టవలెను. దేశములోని మొత్తము ఉత్పత్తిలో కనీసము నూటికి 25 వంతులు తయారుచేయువారు దానిని బలపరచవలెను. విచారణ చేయునది కేంద్ర వాణిజ్యశాఖకు చెందిన ట్రేడ్ రెమెడీస్ డైరెక్టరేట్ జనరల్. ఇందు మూడు సంగతులు రుజువు కావలెను:

1. డంపింగ్ జరిగినది.
2. మన మిల్లులకు నష్టము కలిగినది, లేక కలుగబోవుచున్నది.
3. ఆ నష్టమునకు కారణము ఆ దిగుమతియే.

మూడవది ముఖ్యము. పాత యంత్రముల వలననో, పాలన సరిగా లేకనో కలిగిన నష్టమును దిగుమతిపై మోపరాదు. ఎగుమతిదారులు తమ వాదన చెప్పుకొనవచ్చును. సరకును వాడు పరిశ్రమలు, వినియోగదారుల సంఘములు కూడ తమ అభిప్రాయము తెలుపవచ్చును.

విచారణ ముగిసిన పిదప డైరెక్టరేట్ సిఫారసు మాత్రమే చేయును. సుంకము విధించు అధికారము ఆర్థికశాఖది. మన పద్ధతిలో సుంకము నష్టము తీరుటకు చాలినంతే యుండును. పై ఉదాహరణలో దిగుమతి సంచి మన రేవులో 50 రూపాయలకు పడి, మన సంచికి న్యాయమైన ధర 56 రూపాయలైనచో, డంపింగ్ తేడా 12 రూపాయలున్నను సుంకము 6 రూపాయలే. దాని గడువు సామాన్యముగా 5 ఏండ్లు.

గోనెసంచుల కేసు

బంగ్లాదేశ్, నేపాల్‌ల నుండి వచ్చు జనపనార పురి, హెస్సియన్ గుడ్డ, గోనెసంచులపై 2015లో విచారణ మొదలైనది. 2017 జనవరి 5న యాంటీ డంపింగ్ సుంకము విధింపబడినది. అది ఉత్పత్తిదారును బట్టి, సరకును బట్టి టన్నుకు 6.30 డాలర్లు మొదలు 351.72 డాలర్ల వరకు ఉండెను. సుంకము సంచిపై పడగా, సంచిగుడ్డను తెచ్చి ఇక్కడ కుట్టుకొను దారి మిగిలెను. చేనుకు కంచె వేసి గండి వదలినట్లే గదా! అందుచే మరల విచారణ జరిపి 2019లో బంగ్లాదేశ్ సంచిగుడ్డకు కూడ సుంకమును వర్తింపజేసిరి. 2022 డిసెంబరులో పాత సుంకమును సమీక్షించి మరి 5 ఏండ్లకు పొడిగించిరి.

రైతు గమనింపవలసినవి

ఈ సుంకము తయారైన సరకుపైననే గాని పచ్చినారపై కాదు. విచారణలో లెక్కించునది మిల్లు నష్టమే గాని చేని నష్టము కాదు. మిల్లు నిలిచినచో నారకు కొనుగోలుదారు నిలుచును. అంతవరకే దీని మేలు. మిల్లుకు దొరకిన ధరలో రైతు వంతు ఎంత యన్నది ఈ చట్టము చెప్పదు. అందుకు మద్దతు ధర వేరుగా కలదు. ఆ ధరకు నార కొనుటకు 1971లో భారత జ్యూట్ కార్పొరేషన్ ఏర్పడినది. మరియొక మాట: వడ్లకు సంచులు కొను రైతుకు సంచి ధర పెరిగిన భారమే. ఒకే ఇంటిలో గోగు అమ్మువాడు, సంచి కొనువాడు ఒకడే కావచ్చును. రెండు లెక్కలును చూచుకొనవలెను.

సుంకము చేయలేని పని ఒకటి మన చేతిలో నున్నది. అది నార నాణ్యము. సగము పైరు పూతకు వచ్చినపుడు కోయుడు. కట్టలను రెండు మూడు దినములు నిలిపి ఆకు రాల్చుడు. తేట నీటిలో ఊరవేయుడు. కట్టలపై బురదగడ్డలు, అరటిబోదెలు పెట్టకుడు, నార నల్లబడును. పదియవ నాటి నుండి దినదినము కాడ విరిచి చూచి, నార తేలికగా ఊడి వచ్చినంతనే తీసి, కడిగి, ఆరవేయుడు. పరదేశపు సంచిని రేవులో ఆపు సుంకము నల్లబడిన నారకు మంచి ధర తేజాలదు. ఆ ధర చెరువుగట్టు వద్దనే నిర్ణయమగును.