ఎవరి మాట నమ్మాలి?



పోయిన వేసవిలో ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక రైతు నన్ను పక్కకు పిలిచి రెండు కాగితాలు చేతిలో పెట్టాడు. రెండూ ఆయన బోరు నీళ్ల పరీక్ష కాగితాలే. ఒకదాని ప్రకారం ఆ నీళ్లు తాగవచ్చు, రెండోదాని ప్రకారం తాగకూడదు. "మీరు సదువుకున్నోళ్లు సామీ. ఎవురి మాట నమ్మేది?" అని అడిగాడు. ఆయన ఊరు తుమ్మలపల్లెకు దగ్గర.

తుమ్మలపల్లె సంగతి మీలో చాలామందికి తెలిసిందే. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో అక్కడ యురేనియం గని, దాని శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టాయి. అక్కడ ఖనిజం సున్నపురాతి జాతి రాయిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది గనుక సోడా కలిపిన క్షార ద్రావణంతో యురేనియాన్ని కరిగించి తీస్తారు. మిగిలిన బురద ఒక పెద్ద చెరువులో చేరుతుంది. ఆ చెరువు ఊట వల్లనే తమ బోర్లు చెడుతున్నాయని రైతులు, కాదని సంస్థవారు వాదించుకున్న సంగతి ఎన్నో ఏళ్లు పత్రికల్లో చదివాం. పైగా యురేనియం ఉన్న రాళ్ల మధ్య బోరు వేస్తే నీళ్లలోకి కొంత సహజంగానే దిగవచ్చు. కాబట్టి నీళ్లలో అది ఉందని తేలినా, ఎక్కడినుంచి వచ్చిందో వెంటనే తేలదు.

ఈ శీర్షిక పని నీళ్లకు తీర్పు చెప్పడం కాదు. కానీ ఆయన ప్రశ్న నన్ను సెమినరీ రోజులకు తీసుకుపోయింది. రెండు వేల ఏళ్లకు ముందే గ్రీకులు ఇదే ప్రశ్నతో తల పట్టుకున్నారు. తెలియనిదానిని ఎలా తెలుసుకోవాలి అన్నది ఒక ప్రశ్న. తేలేదాకా ఎలా బతకాలి అన్నది ఇంకొకటి. రెండోదే కష్టం.

మొదట సోక్రటీసు. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష వేసింది. తెలిసినట్టు మాట్లాడే పెద్దలను ప్రశ్నించి, వారికి తెలియదని వారికే చూపించడం ఆయన అలవాటు. తనకు తెలియదని తనకు తెలియడమే తన జ్ఞానమన్నాడు. అయినా ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అన్యాయం చేయరాదన్న దానిమీద ఏ మాత్రం ఊగిసలాట లేకుండా ప్రాణమిచ్చాడు.

తరువాతివాడు పిర్రో. అలెగ్జాండరు సైన్యం వెంట మన దేశానికి వచ్చి, ఇక్కడి దిగంబర సన్యాసులను కలిసి వెళ్లినవాడు. ఏ విషయం పైనా ఇది ఇంతే అని నిర్ణయించకుండా ఉంటే మనసుకు కలత ఉండదని ఆయన బోధ. ఓడ తుఫానులో చిక్కినప్పుడు అందరూ వణుకుతుంటే, ప్రశాంతంగా మేత తింటున్న పందిపిల్లను చూపించి, జ్ఞాని అలా ఉండాలన్నాడట. చదువుకునే రోజుల్లో ఈ కథ విని నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు. ఆ పందికి ఓడలో పిల్లలు లేరు కదా! పిర్రో బాటలో నడిచి, తరువాతి కాలంలో పుస్తకాలు రాసిన సెక్స్టస్ ఎంపిరికస్ వైద్యుడు కూడా. దాహమైతే నీళ్లు తాగడం, ఊరి ఆచారం పాటించడం, వృత్తి చేసుకోవడం సంశయవాది మానడని ఆయన వివరించాడు. సరే. కానీ మన రైతుకు దాహం ఉంది. ఏ నీళ్లు అన్నదే ప్రశ్న.

అసలు 'సంశయవాదం' అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గ్రీకులో స్కెప్సిస్ అంటే అపనమ్మకం కాదు. పరిశీలించి చూడటం, వెతకడం. తెలుగులో దానికి సరైన మాట 'విచారణ'. మన గుడి పరిధిని కూడా మనం విచారణ అనే పిలుచుకుంటాం. ఆ మాట ఎవరు పెట్టారో గానీ నాకు ఇష్టం.

నాకు ఎక్కువ పనికొచ్చినవాడు కార్నియాడెస్. క్రీ.పూ. 155లో ఏథెన్సు ఈయనను రాయబారిగా రోముకు పంపింది. అక్కడ ఒకనాడు న్యాయాన్ని సమర్థించి, మర్నాడు దానికి ఎదురు మాట్లాడాడు. ముసలి కేటోకు ఒళ్లు మండి, వీరిని త్వరగా ఇంటికి పంపండన్నాడు. ఈయన ఒక్క పుస్తకమూ రాయలేదు. ఆయన చెప్పిన ఒక ఉదాహరణను సెక్స్టస్ దాచిపెట్టాడు. వింటే మీరు ఆశ్చర్యపోతారు. చీకటి గదిలో తాడు చుట్ట. మనిషి పామనుకుని దాటి దూకేస్తాడు. వెనక్కి తిరిగి చూస్తే కదలడం లేదు, తాడేమో అనిపిస్తుంది. కానీ చలికాలంలో పాములు కూడా కదలకుండా పడి ఉంటాయి. అందుకని కర్ర తీసుకుని పొడిచి చూస్తాడు.

మన అద్వైతుల తాడు, పాము ఇవే! వారు లోకం ఎలాంటిదో చెప్పడానికి వాడుకున్నారు. కార్నియాడెస్ ఎంతవరకు పరీక్షించాలో చెప్పడానికి వాడుకున్నాడు. సంపూర్ణ నిశ్చయం దొరకదు, నమ్మదగినది మాత్రం దొరుకుతుందంటాడు. చిన్న వ్యవహారమైతే ఒక్క సాక్షి చాలు. పెద్దదైతే పలువురిని అడుగుతాం. బతుకు బాగోగులకే సంబంధించినదైతే ఒక్కొక్క సాక్షి మాటను మిగతావారి మాటతో సరిపోల్చి చూస్తాం. ఇంకొకటి గమనించండి. ఆ మనిషి ముందు దూకాడు, తరువాత కర్ర తీశాడు. సందేహం ఆయనను గుమ్మంలో నిలబెట్టలేదు.

పునీత అగుస్తీనుగారు యౌవనంలో ఈ పాఠశాలవారి వైపు మొగ్గి, క్రీ.శ. 386లో, జ్ఞానస్నానానికి ముందు ఏడాది, వారికి జవాబుగా ఒక గ్రంథం రాశారు. అందులో ఇద్దరు బాటసారులు రెండు దారులు చీలేచోట నిలబడతారు. ఒకడు పల్లెటూరి కాపరి మాట నమ్మి వెళ్లిపోతాడు. రెండోవాడు నవ్వి అక్కడే నిలబడతాడు. చాలాసేపటికి గుర్రం మీద దర్జాగా ఒకడు వస్తే, వాడి మాట నమ్మదగినదిగా తోచి ఆ దారిన పోయి అడవిలో చిక్కుకుంటాడు. నమ్మనని భీష్మించినవాడు కూడా చివరకు ఎవరో ఒకరి మాట మీదనే నడవాలి. మన తల్లిదండ్రులెవరన్నది కూడా ఇతరులు చెబితేనే కదా మనకు తెలిసింది! అయితే గుర్రాన్ని, బట్టలను చూసి నమ్మడం పరీక్ష కాదు. 'ఇంకా రుజువు కాలేదు' అని నెమ్మదిగా చెప్పగలిగినవారు చాలాసార్లు ఆ నీళ్లు తాగనివారే అని నా అనుభవం.

మళ్లీ ఆ రెండు కాగితాలు తీశాను. రెంటిలోనూ యురేనియం అంకె దాదాపు ఒకటే! కొలబద్దలు వేరు. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. నీళ్లలో 45 ఉందనుకోండి, ఒక హద్దు ప్రకారం మంచివి, ఇంకొక హద్దు ప్రకారం చెడ్డవి. ఏ కాగితమూ అబద్ధమాడలేదు. ఏ హద్దుతో కొలిచారని అడగవలసి ఉంది, అంతే.

కార్నియాడెస్ పేరెత్తకుండా ఆ రైతుకు నాకు తోచింది చెప్పాను. ఇంట్లో పిల్లలకు ఇవాళ్టినుంచే వేరేచోటి నీళ్లు పట్టండి. యురేనియం మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి. మీ బోరుతోపాటు చెరువుకు ఎగువన ఉన్న బోరు నీళ్లు కూడా పట్టండి. రెంటినీ పక్కపక్కన పెడితే ఎక్కడినుంచి వస్తోందో కొంతైనా అర్థమవుతుంది. కాగితం ఇచ్చిన ప్రతివారినీ హద్దు ఎంతని అడిగి రాయించుకోండి.

ఆయన శ్రద్ధగా విన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "సరే సామీ, తాగేదానికి తెచ్చుకుంటాం. మూడెకరాల అరిటి తోట ఉండాది. దానికి ఏ నీళ్లు పెట్టేది?" అన్నాడు.