పొట్ట పెరిగితే ధమనికి ఏమవుతుంది?



మా మావ మైదానంలో ఆఫీసు ఉద్యోగం చేస్తాడు. ఊరికి వచ్చినప్పుడల్లా అతని పొట్ట చూసి అందరూ "ఒళ్ళు చేశాడు, సుఖంగా ఉన్నాడు" అనేవారు. నేనూ అలాగే గొప్పగా చెప్పుకునేవాడిని. పోయిన వేసవిలో మావకి గుండెపోటు వచ్చింది. వయసు 43 ఏళ్ళే. బతికాడు గానీ, ఇప్పుడు మా ఊరి కొండ ఎక్కలేడు. "ఏ నొప్పీ లేని మనిషికి ఒక్కసారిగా ఎలా వచ్చింది?" అని మా అమ్మ ఏడ్చింది. నాకు జవాబు తెలియలేదు. సెలవుల తర్వాత సైన్సు సారుని అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ధమని అంటే ఏమిటి?

గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే నాళాలు ధమనులు. తిరిగి గుండెకు తెచ్చేవి సిరలు. రక్తం ఇలా చుట్టూ తిరుగుతుందని 1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు పుస్తకం రాసి నిరూపించాడు. ధమని ఇనప గొట్టం కాదు. రబ్బరులా సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. దాని లోపలి పొర చాలా పలచన, నున్నన. గుండె కండరానికి కూడా సొంత ధమనులున్నాయి.

కొవ్వు ఏం చేస్తుంది?

కొవ్వు అంటే ఊరికే పడి ఉండే మూట అనుకుంటాం. కాదు. పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరిన కొవ్వు కొన్ని పదార్థాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. దాని వల్ల:

1. రక్తపోటు (బి.పి.) పెరుగుతుంది.
2. ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తంలో చక్కెర పెరుగుతుంది.
3. రక్తంలో కొవ్వులు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది.

ఇవన్నీ కలిసి ధమని లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ చెడ్డ కొలెస్ట్రాల్ గోడలోకి దూరుతుంది. దాన్ని తినడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు తిని తిని అక్కడే చచ్చిపోతాయి. అలా గోడలో పూడిక తయారై ధమని గట్టిపడుతుంది. ఒకరోజు ఆ పూడిక పైపొర పగిలితే, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. గుండెలో అయితే గుండెపోటు. మెదడులో అయితే పక్షవాతం.

మరి ముందే నొప్పి ఎందుకు రాదు?

మన హాస్టలు కుళాయి సన్నగా వస్తే వెంటనే తెలుస్తుంది. ధమని సంగతి అలా కాదు. ఒకచోట సన్నబడితే దాని తర్వాత ఉన్న చిన్న నాళాలు వెడల్పై సర్దుకుంటాయి. అందుకే చాలా ఏళ్ళు ఏమీ తెలియదు. మా అమ్మ ప్రశ్నకు జవాబు ఇదే.

ఎలా కనిపెట్టారు?

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో పరిశోధన మొదలుపెట్టి, 5,209 మంది స్త్రీ పురుషులను ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. 26 ఏళ్ళ లెక్కలు చూసి, అధిక బరువు దానంతట అదే గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచుతుందని 1983లో ప్రకటించారు.

లెక్క చేద్దాం

బరువుని (కిలోలు) ఎత్తు × ఎత్తుతో (మీటర్లు) భాగించాలి. మన దేశంలో పెద్దవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మావ బరువు 82 కిలోలు, ఎత్తు 1.65 మీటర్లు. 1.65 × 1.65 = 2.72. దాంతో 82ని భాగిస్తే సుమారు 30! నాలుగైదు కిలోలు తగ్గినా బి.పి., చక్కెర దిగుతాయని డాక్టరు మావకి చెప్పారట.

గమనిక: ఈ లెక్క పెద్దలకే. మనం ఎదిగే పిల్లలం. ఇది చదివి ఎవరూ అన్నం మానేయొద్దు, లావుగా ఉన్నవాళ్ళని ఎక్కిరించొద్దు. సన్నగా ఉన్నవాళ్ళకి భయం లేదనీ కాదు. మా తాత చోడి అంబలి తాగి సన్నగానే ఉంటాడు, కానీ చుట్ట మానడు. పొగ కూడా ధమని లోపలి పొరనే పాడుచేస్తుంది.

తాడు పరీక్ష

చదువు రానివాళ్ళకి కూడా ఇది చేయొచ్చు. మనిషి ఎత్తుకి సమానంగా తాడు తెంచండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం తాడు నడుము చుట్టూ, బొడ్డుకి కొంచెం పైన, కలవాలి. కలవకపోతే పొట్ట ఎక్కువైనట్టే. అప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి బి.పి., షుగరు చూపించుకోవాలి.

ఈ పరీక్ష మొదట మా వార్డెన్ సారే అడిగి చేయించుకున్నారు. తాడు నాలుగు వేళ్ళు తక్కువైంది. సారు నవ్వేసి, మర్నాటి నుంచి పొద్దున్నే మాతోపాటు గ్రౌండు చుట్టూ నడుస్తున్నారు.

సంక్రాంతి సెలవులకి అందరం ఇళ్ళకి పోతాం కదా. ఒక్కొక్కరం ఒక తాడు జేబులో వేసుకుని పోదాం. "సుఖంగా ఉన్నాడు" అనే మాట అనేముందు ఒకసారి కొలిచి చూద్దాం. నేను మావకి ముందే కొలిచి ఉంటే బాగుండేది.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
10వ తరగతి