కవిలెలు, వంశావళులు, ఎల్లపటములు

నిత్యకర్మకు కూర్చున్న గృహస్థుడు మొట్టమొదట సంకల్పము చెప్పుకొనును. తాను ఏ ద్వీపమున, ఏ వర్షమున, మేరువునకు ఏ దిక్కున, శ్రీశైలమునకు ఏ మూలన, ఏ రెండు నదుల నడుమ ఉన్నాడో చెప్పును. పిదప సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము చెప్పి, తుదకు తన గోత్రమును, నామమును చెప్పుకొనును. దేశము, కాలము, వంశము అను ఈ మూడును కూడినదే కదా చరిత్ర! మన పెద్దలకు చరిత్రదృష్టి లేదని పాశ్చాత్యులు కొందరు వ్రాయగా, మనవారును కొందరు ఆ మాటనే వల్లించిరి. తానెక్కడివాడో, ఏనాటివాడో, ఎవ్వరి సంతతివాడో చెప్పుకొనక కర్మ నారంభింపని వారిని గూర్చి ఆ మాట యెట్లు చెల్లునో నాకు తెలియదు.

అయినను ఒక చిక్కు కలదు. శ్రాద్ధమున పితృ పితామహ ప్రపితామహులను వసు రుద్ర ఆదిత్య రూపులుగా స్మరింతుము. అంతకు పైవారి పేర్లు పలుకవలసిన పని లేదు గనుక అవి నోటికి రాకుండపోవును. నాలుగవ తరము మొదలుకొని జ్ఞాపకమునకు ఆధారము వ్రాతయే. ఆ వ్రాత తెలుగునాట ఏయే రూపములలో నిలిచినదో, దానిని ఎట్లు చదువవలెనో, అది ఇప్పుడెట్టి దురవస్థలో నున్నదో పాఠకులకు విన్నవింపగోరుచున్నాను.

రాగిరేకులతో ప్రారంభింతము. వేంగిని ఏలిన తూర్పుచాళుక్యుల దానశాసనములందు ఒక మంచి ఆచారము కలదు. దాత తన పూర్వులను పేర్కొనుచు, ఒక్కొక్కరు ఎన్నియేండ్లు రాజ్యము చేసిరో కూడ చెప్పును. కుబ్జవిష్ణువర్ధనుడు 18 సంవత్సరములు, అతని కొడుకు జయసింహుడు 33 సంవత్సరములు, ఇంద్రభట్టారకుడు 7 దినములు, విష్ణువర్ధనుడు 9 సంవత్సరములు, మంగి యువరాజు 25 సంవత్సరములు – ఈ విధముగా లెక్క నడచును. ఏడు దినములు మాత్రమే రాజ్యము చేసినవానిని ఎవ్వరు తలతురు? స్తోత్రమే ప్రయోజనమైనచో అతని పేరు జారవిడువవచ్చును. విడువలేదు. కొక్కిలి ఆరు మాసములు ఏలెనని కూడ ఉన్నది. రెండవ అమ్మరాజు పట్టాభిషేకము శకము 867, అనగా క్రీ. శ. 945లో జరిగినదని శాసనమే చెప్పుచున్నది. ఆ ఒక్క సంవత్సరమును కొయ్యగా పాతి, అచటి నుండి వెనుకకు లెక్కించుకొనుచు పోయి పండితులు ఆ వంశకాలమును నిర్ణయించిరి. కొన్ని శాసనములలో జయసింహునకు 30 ఏండ్లే ఉండుటచేత, ఆరంభవత్సరమును గూర్చి కొంత వాదము మిగిలినది. అది వేరు సంగతి.

అదే వంశమున రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనము చూడుడు. అందు వంశావళి బ్రహ్మతో మొదలై, చంద్రునిమీదుగా పాండవులకు వచ్చి, అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలిరని చెప్పి, అటుపిమ్మట చాళుక్యులను చేరును. పై భాగము ప్రశస్తి, క్రింది భాగము లెక్క. రెండును ఒకే రేకుమీద ఒకే వ్రాయసగాని చేతితో చెక్కబడినవి గనుక రెండింటికిని ఒకే ప్రామాణ్యము ఈయరాదు. పై భాగము కల్పనయని క్రింది భాగమును త్రోసివేయుటయు తగదు. ఇంటింటి వంశవృక్షములకును ఈ న్యాయమే చెల్లును. కొమ్మలచివర నమ్మదగిన లెక్క ఉండును. మూలమునకు పోను పోను గౌరవము పెరిగి లెక్క తగ్గును.

కుటుంబచరిత్రలలో తేదీలకంటె విలువైన వస్తువు మరియొకటి కలదు. అది దేశనామము. వెలనాటివారు, వేగినాటివారు, ములకినాటివారు, పాకనాటివారు, రేనాటివారు అని మనము శాఖలపేర్లుగా చెప్పుకొనుచున్నవి నిజమునకు పూర్వకాలపు నాడుల పేర్లు. చందవోలు రాజధానిగా ఏలిన చోడుల వెలనాడు గుంటూరుమండలమున కృష్ణకు దక్షిణపుటొడ్డున ఉండెను. రేనాడు కడప ప్రాంతము. తెలుగు మాటలతో లభించిన తొలి రాజశాసనములు ఆ రేనాటి చోడులవే. ఆ నాడులేవియు నేటి ప్రభుత్వపటములలో లేవు. పెండ్లి సంబంధము అడుగునప్పుడు మాత్రము బ్రతికియున్నవి! ఇంటిపేర్లును అట్టివే. వలసపోయిన కుటుంబము తాను విడిచిన ఊరిని ఇంటిపేరుగా మూటగట్టుకొని పోవును. అడవిపాలైన ఊళ్ళు, ఏటిపాలైన ఊళ్ళు ఎన్నియో ఇంటిపేర్లలో మాత్రమే మిగిలియున్నవి. భట్రాజులును, నేడు వంశరాజులని పేరున్నవారును, రైతుకుటుంబముల గోత్రములను తరతరములుగా కంఠస్థము చేసి చెప్పుచు వచ్చిరి. వారిని యాచకులుగా చూచి గింజలు పెట్టి పంపిన మనము, వారు చెప్పినదానిని వ్రాసికొన్నది తక్కువ.

ఇక గ్రామచరిత్రలు. ప్రతి గ్రామమునను కరణము కవిలెకట్ట ఉంచెడివాడు. అందు ఊరిపుట్టుక, పేరునకు కారణము, గుడి ఎవరు కట్టించిరి, దేవునికి ఇచ్చిన మాన్యమెంత, చెరువు ఎవరు త్రవ్వించిరి, ఎల్లలెక్కడ, ఏ ప్రభువు పిదప ఏ ప్రభువు వచ్చెను అను సంగతులు ఉండెడివి. కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశీయుడు 1783లో కుంపిణీ సైన్యపు ఇంజనీరుగా వచ్చి, దేశమును కొలుచు పనిలోనుండి ఈ కవిలెల విలువ గుర్తించెను. గుర్తించుటకు కన్నులైనవారు మాత్రము ఏలూరి కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లో అల్పాయుష్కుడై గతింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. వీరు, వీరి క్రింది గుమాస్తాలు ఊరూర తిరిగి, కరణములను బ్రతిమాలి, కవిలెలు చూచి కైఫియత్తులు వ్రాయించిరి. 1821లో మెకంజీ కలకత్తాలో మరణించునాటికి చేరిన సామగ్రిలో 1,568 గ్రంథములు, 2,070 స్థానికచరిత్రలు, 8,076 శాసనప్రతులు, 79 పటములు, 2,630 చిత్రములు ఉన్నవని విల్సను పండితుని పట్టిక చెప్పును. ప్రభుత్వము దానిని ఆయన భార్యనుండి లక్ష రూపాయలకు కొనెను. పని ఇంకను సాగింతునని లక్ష్మయ్య అర్థింపగా, స్వదేశీయుడు ఇట్టి కార్యమునకు తగడని కలకత్తా పెద్దలు త్రోసిపుచ్చిరి. అప్పటికి పని చేసినవారందరును స్వదేశీయులే! తరువాత సి. పి. బ్రౌను దొర శిథిలమగుచున్న ఆ కాగితములకు మరల ప్రతులు వ్రాయించుటచే కొంత దక్కినది.

కైఫియత్తులను వేదవాక్యములవలె నమ్మరాదు. ఒక్క ఉదాహరణము చూపెదను. గుంటూరుమండలపు కైఫియత్తులు పెక్కింట ఒకే కథ కనబడును: కాకతి గణపతిదేవుని ప్రధానియైన గోపరాజు రామన్న, శకము 1067 రక్తాక్షి భాద్రపద అమావాస్యనాడు సూర్యగ్రహణకాలమున నియోగులకు గ్రామకరణికములు ధారపోసెనట. శకము 1067 అనగా క్రీ. శ. 1145. గణపతిదేవుడు పట్టమెక్కినది 1199లో. ఇక్కడ కథనంతను అబద్ధమని కొట్టివేయువారు కొందరు. గణపతిదేవుని కాలమునే వెనుకకు జరుపజూచువారు కొందరు. పంచాంగము తెలిసినవాడు మొదట సంవత్సరనామము చూచును. రక్తాక్షి అరువదియేండ్ల కొకసారి వచ్చును. 1144–45లో వచ్చినది మరల 1204–05లో, అనగా గణపతిదేవుని పాలనలోనే, వచ్చినది. నోటనున్న సంవత్సరనామము నిలిచి, శకసంఖ్యను పిదపివారెవరో లెక్కగట్టి చేర్చినప్పుడు ఒక ఆవృత్తము తప్పియుండవచ్చును. అంతమాత్రముచే 1204 అని సిద్ధాంతము చేయరాదు. ఆనాటి శాసనము తోడైనచో అప్పుడు చెప్పవచ్చును. ఒక ఊరి కైఫియత్తునకు మరియొక ఊరి కైఫియత్తు సాక్ష్యము కాదని కూడ గమనింపవలెను. కరణములు ఒకరినుండి ఒకరు వ్రాసికొనెడివారు. గుడిలోని రాయి, ఇంటిలోని ఆకు, సర్కారు దస్త్రము వేరువేరు చోట్ల పుట్టినవి గనుక, మూడును కలిసిన చోట నమ్మకము గట్టిపడును.

పటముల విషయము క్లుప్తముగా చెప్పుదును. అమరావతిలోని దీపాలదిన్నె స్తూపమును మెకంజీ 1797 ప్రాంతమున తొలిసారి చూచెను. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అచట నగరము కట్టించుచున్న కాలమది. దిబ్బరాళ్ళు కట్టడములకు పోవుచుండెను. 1816లో మెకంజీ చిత్రకారులతో మరల వచ్చి, దిబ్బకు పటము గీయించి, శిలలకు చిత్రములు వ్రాయించెను. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞచే దిబ్బనంతను త్రవ్వివేసిన పిదప అచట పల్లమే మిగిలినది. శిలలు కొన్ని మద్రాసునకు, కొన్ని లండనుకు చేరినవి. కొన్నిటి జాడయే లేదు. ఆ స్తూపము ఎట్లుండెనో తెలిసికొనగోరువారు నేటికిని ఆ 1816 నాటి గీతలనే ఆశ్రయింపవలసివచ్చుచున్నది. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు 1981 ప్రాంతమున మునిగిన పల్లెలకును ఇదే గతి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయిగా విప్పి అలంపురమునకు చేర్చిరి. దేవునికి చోటు దొరకినది. వీధులు, కళ్ళములు, శ్మశానములు ఉన్న చోటు గ్రామపటమున తప్ప ఎచట వెదకుదుము?

దేవాలయముల ధర్మకర్తలు ప్రత్యేకముగా తెలిసికొనదగినది ఇనాము రిజిష్టరు. మద్రాసు ప్రభుత్వము 1858లో ఇనాము కమీషను నేర్పరచి, ప్రతి మాన్యమునకు దాత యెవరు, గ్రహీత యెవరు, విస్తీర్ణమెంత, ప్రస్తుత అనుభవదారు ఎవరు అని విచారించి వ్రాయించెను. నిత్యదీపమునకు ఇచ్చినదా, అర్చకసేవకు ఇచ్చినదా, నాదస్వరమునకు ఇచ్చినదా అని అందు స్పష్టముగా ఉండును. దేవునిభూమి అన్యాక్రాంతమైనదని వగచుటకు ముందు ఆ పుట నకలు తీసికొన్నవారెందరు? శాసనమున తూర్పున చెరువు, దక్షిణమున చింతచెట్టు, పడమర పుట్ట అని చెప్పిన ఎల్లలను గ్రామపటముతో పోల్చి చూచిన, చెట్టు పోయినను చెరువు కనబడును.

1984లో ఆంధ్రప్రదేశమున కరణిక మునసబు పదవులు రద్దయ్యెను. ఆ సంస్కరణము మంచిదా చెడ్డదా అను చర్చ నాకు వలదు. సర్కారు లెక్కలు కచేరీకి చేరెను గాని, తాతలనాటి సొంత కట్టలు ఇండ్లలోనే ఉండిపోయెను. పిల్లలు పట్టణములకు, విదేశములకు పోయిరి. ఇల్లు అమ్మునప్పుడు అటకమీది పెట్టె పాతకాగితములవానికి తూకమునకు పోవుచున్నది. శిథిలమైన తాళపత్రములను పుణ్యమని నదిలో విడుచువారును ఉన్నారు. నేను చూచిన ఒక కట్టలో నడిమి ఆకులు చెక్కుచెదరలేదు. పైని నాలుగు ఆకులు చెదలు తినుటచే, ఇక పనికిరాదని ఇంటివారు పెరటిలో పెట్టిరి. చెదలు ఎల్లప్పుడు అంచునుండి తినును, చరిత్ర నడుమనుండును!

తాటాకులను నీటితో కడుగరాదు. మెత్తని కుంచెతో దులిపి, నిమ్మగడ్డినూనె పలుచగా రాచి, పలకల నడుమ గట్టిగా కట్టి, పొడి గుడ్డలో వసకొమ్ముతో చుట్టి ఉంచవలెను. ఆకులవరుస మార్చరాదు, అంకె కనబడకున్న తలక్రిందుగానున్నను అట్లే ఉంచి ఛాయాచిత్రము తీయించవలెను. ఇంట ఉంచుకొనలేనివారు హైదరాబాదులోని రాష్ట్ర అభిలేఖాగారమునకుగాని, తిరుపతి ప్రాచ్యపరిశోధనసంస్థకుగాని, 1918 నుండి పనిచేయుచున్న వేటపాలెము సారస్వతనికేతనమునకుగాని, కడపలోని బ్రౌను గ్రంథాలయమునకుగాని విన్నవించుకొనవచ్చును. ఇచ్చునప్పుడు ఏ ఊరి, ఏ ఇంటి కట్టయో చీటి వ్రాసి కట్టుట మరువరాదు. ఊరు తెలియని కవిలె సగము మూగది.

వంశావళి వ్రాయబూనువారికి ఒక మాట. మన వంశవృక్షములలో కొడుకులే కలరు. తల్లుల పేర్లు లేవు. కాని శ్రాద్ధమున మాతృ పితామహీ ప్రపితామహుల పేర్లు చెప్పకతీరదు గనుక, ఇంటి పురోహితుని పుస్తకములో అవి ఉండును. అచటినుండి తెచ్చి చేర్చుకొని, ఆమె ఏ ఊరి ఆడపడుచో కూడ వ్రాయుడు. చెరువులు, సత్రములు, ధ్వజస్తంభములు స్త్రీలు వేయించినవి ఎన్నియో శాసనములలో ఉండగా, వంశావళిలో వారు లేకుండుట లోపమే. ఇంటి పెద్దలు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, చెప్పినవారి పేరు, వ్రాసిన తేదీ ప్రక్కన వేయవలెను. తెలిసినది నల్లసిరాతోను, విన్నది ఎఱ్ఱసిరాతోను వ్రాసిన మరియు మేలు. పాత ప్రతినుండి ఎత్తి వ్రాయునప్పుడు చెడిపోయిన అక్షరముల చోటు ఊహతో పూరింపక, ఎన్ని అక్షరములు పోయినవో అన్ని చుక్కలు పెట్టి, చివర తన పేరు, ఊరు, సంవత్సరము, మాసము, తిథి వ్రాసి ముగింపవలెను.